బ్రాంకోస్కోపీ నేర్పడానికి త్రీడీ ప్రింట్ మోడల్: మన దగ్గరే చేసుకోవచ్చా?

పల్మో_గుంటూరు (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. ఒక బోధనాసుపత్రిలో ఊపిరితిత్తుల విభాగంలో పనిచేస్తున్నాను. మా పీజీలు బ్రాంకోస్కోపీకి, అంటే శ్వాసనాళాల్లోకి కెమెరా గొట్టం దించి చూడటానికి, స్కోప్ చేత్తో పట్టుకునే మొదటి రోజే ఎదురుగా నిజమైన రోగి ఉంటున్నారు. దగ్గుతో ఉక్కిరిబిక్కిరవుతున్న మనిషి గొంతులో స్కోప్ పెట్టి, "ఇది కుడి అప్పర్ లోబ్, ఇందులో మూడు దారులున్నాయి చూడు" అని పాఠం చెప్పడం నాకు సుతరామూ నచ్చడం లేదు. పీజీ కళ్లు తెర మీద, బొటనవేలు లీవర్ మీద, ప్రాణమంతా పడిపోతున్న ఆక్సిజన్ శాచురేషన్ అంకె మీద. అప్పుడు మనం చెప్పేది బుర్రకెక్కదు, చెయ్యీ తిరగదు.

విదేశీ మోడళ్లకు కొటేషన్లు తెప్పించాం, మా కాలేజీ బడ్జెట్‌కు అందేలా లేవు. వీఆర్ (వర్చువల్ రియాలిటీ) సిమ్యులేటర్ ఊసే ఎత్తక్కర్లేదు. అందుకే సీటీ నుంచి శ్వాసనాళాలను ప్రింట్ చేయిద్దామనుకుంటున్నాం. ఏ మెటీరియల్ తీసుకోవాలి, ఎంత లోపలి కొమ్మల దాకా కావాలి, స్కోప్‌కు దెబ్బ తగలకుండా ఏం చేయాలి? చేసినవాళ్లు చెప్పండి. ముఖ్యంగా, చేశాక నిజంగా పనికొచ్చిందా?

లేయర్‌బైలేయర్ (బయోమెడికల్ ఇంజినీర్, విశాఖ)

డాక్టరు గారూ, తప్పకుండా చేసుకోవచ్చు. కానీ ప్రింటర్ సంగతి తర్వాత, ముందు సీటీ చూసుకోండి. స్లైస్ మందం 1 మిల్లీమీటరు, కుదిరితే ఇంకా తక్కువ ఉండాలి. 5 మిల్లీమీటర్ల స్లైసులతో చేస్తే నాళం గోడ మెట్లుమెట్లుగా వస్తుంది, సెగ్మెంటల్ కొమ్మలు (ఊపిరితిత్తిలో ఒక్కో భాగానికి వెళ్లే చిన్న నాళాలు) సగంలోనే తెగిపోతాయి. సీడీలో రాసిచ్చేవి చాలాసార్లు మందపు స్లైసులే. సన్న స్లైసులు తీసేయక ముందే దాచిపెట్టమని రేడియాలజీ వాళ్లకు చెప్పి ఉంచండి.

త్రీడీ స్లైసర్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. ట్రాకియాలో (గాలిగొట్టంలో) ఒక చుక్క పెడితే గాలి ఉన్నంత మేరా పాకుతూ చెట్టు దానంతటదే పెరుగుతుంది. సీటీలో సాంద్రతను హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లలో కొలుస్తారు, గాలి విలువ మైనస్ 1000. ఊపిరితిత్తి కూడా గాలితోనే నిండి ఉంటుంది కాబట్టి దాని విలువ అక్కడికి ఎంతో దూరంలో ఉండదు. హద్దు కాస్త వదులు చేస్తే చాలు, సన్న గోడ దాటి ఊపిరితిత్తిలోకి 'లీక్' అయిపోతుంది, తెర మీద చెట్టు బదులు పెద్ద ముద్ద కనిపిస్తుంది. అలా లీకైన చోట్ల చేత్తో చెరిపి సరిచేయాలి. ఎంఫిసీమా (ఊపిరితిత్తుల గాలి గదుల గోడలు చెడిపోయే జబ్బు) ఉన్నవాళ్ల స్కాన్ జోలికి పోకండి.

ఇక్కడ అందరూ తడబడే విషయం ఒకటుంది. సాఫ్ట్‌వేర్ మీకిచ్చేది నాళం కాదు, నాళంలోని ఖాళీ. దాని చుట్టూ 2 మిల్లీమీటర్ల గోడను బయటి వైపుకే కట్టాలి. లోపలికి కడితే నాళం ఇరుకైపోయి స్కోప్ దూరదు.

ప్రింటింగ్‌లో రెండు దారులున్నాయి. బోలు చెట్టును నేరుగా ప్రింట్ చేస్తే లోపల సపోర్టులు (ప్రింటయ్యేటప్పుడు ఆసరాగా వేసే ముక్కలు) ఇరుక్కుపోతాయి, పటకారుతో లాగినా రావు. రెండుగా చీల్చి ప్రింట్ చేసి అతికించినా స్కోప్‌కు ఆ అతుకు తగులుతూనే ఉంటుంది. నాకు నచ్చింది తిరగేసి చేసే పద్ధతి. లోపలి ఖాళీనే పీవీఏ ఫిలమెంట్‌తో (నీళ్లలో కరిగే ప్లాస్టిక్ తీగతో) గట్టిగా ప్రింట్ చేసి, తడి గుడ్డతో పైన నునుపు చేసి, దాని మీద సిలికోన్‌ను బ్రష్‌తో పొరలుపొరలుగా పూయాలి. గట్టిపడ్డాక గోరువెచ్చని నీళ్లలో నానబెడితే పీవీఏ కరిగిపోతుంది, మెత్తటి సిలికోన్ గొట్టాలు మిగులుతాయి. లోపల సపోర్టు ముక్కా ఉండదు, అతుకూ ఉండదు. కాకపోతే పీవీఏకి తేమ పడదు. మన కోస్తా గాలిలో రీలు బయట వదిలేస్తే నాలుగు రోజుల్లో మెత్తబడి నాజిల్ దగ్గర బుడగలు కడుతుంది. సిలికా జెల్ వేసి డబ్బాలో మూత పెట్టండి.

గ్యాస్ట్రో_ఓరుగల్లు

మెటీరియల్ కన్నా ముందు తేల్చుకోవాల్సింది ఇంకొకటుంది: ఈ మోడల్ మీద ఏ ఒక్క పని నేర్పుతారు? దానికి జవాబు లేకుండా ప్రింట్ చేయించినవి చివరికి హెచ్‌ఓడీ గదిలో షోకేసు బొమ్మలవుతాయి. చాలా చోట్ల చూశాను.

మా విభాగం సంగతే చెప్తాను. ఈఆర్‌సీపీలో, అంటే నోటి నుంచి స్కోప్ దించి పిత్తనాళంలోకి వెళ్లే పనిలో, కష్టమంతా డుయోడినం (చిన్నపేగు మొదలు) రెండో భాగంలో ఉన్న పాపిల్లా అనే ఒక చిన్న గుబ్బ దగ్గరే. పాపిల్లాను ఎదురుగా గడియారం ముఖంలా చూస్తే పిత్తనాళం దారి 11 గంటల వైపు, పాంక్రియాస్ నాళం 1 గంట వైపు. గైడ్‌వైర్ మాటిమాటికీ రెండో దాంట్లోకి పోతే రోగికి పాంక్రియాటైటిస్ (పాంక్రియాస్ వాపు) వచ్చే ప్రమాదం పెరుగుతుంది. పైగా స్కోప్ ముందుకు చూడదు, పక్కకు చూస్తుంది. పక్కకు చూస్తూ, ఎలివేటర్ (స్కోప్ కొసన వైర్‌ను పైకి లేపే మీట) ఎత్తుతూ, మణికట్టు తిప్పుతూ 11 వైపు వెళ్లడం, ఇదీ అలవడాల్సిన పని. దీనికి జీర్ణాశయం మడతలు, రంగులు, మెరుపులు ఏవీ అక్కర్లేదు. సరైన కోణంలో, సరైన దూరంలో, తీసి మార్చుకోగలిగిన పాపిల్లా ఉంటే చాలు. ఒకటి మామూలుది, ఒకటి పొడుచుకొచ్చింది, ఒకటి డైవర్టిక్యులమ్ (పేగు గోడలో సంచిలాంటి గుంత) అంచున ఉన్నది ప్రింట్ చేసుకుని మార్చిమార్చి పెట్టవచ్చు.

కొలనోస్కోపీ (పెద్దపేగును స్కోప్‌తో చూడటం) పూర్తిగా వేరు. అక్కడ లోపలి రూపం ఎంత బాగా వచ్చినా, పేగును దేనికి కట్టారన్నదే అసలు విషయం. సిగ్మాయిడ్ (పెద్దపేగు చివర్లో ఉండే మెలిక) వదులుగా వేలాడాలి, అప్పుడే స్కోప్ తోస్తే లూప్ పడుతుంది. లూప్ పడితేనే వెనక్కి లాగి కుడివైపు తిప్పి తీయడం నేర్పగలం. ఒకటిన్నర మీటర్ల పేగును సరిగ్గా ముడుచుకుంటూ పోతే 70 నుంచి 80 సెంటీమీటర్ల స్కోప్‌తోనే సీకమ్ (పెద్దపేగు మొదలు) చేరతాం. గట్టి ప్లాస్టిక్ పేగులో ఈ విద్య అబ్బదు. పేగును సాగే ఎలాస్టిక్‌లతో అక్కడక్కడ బోర్డుకు కట్టాలి.

మీ బ్రాంకోస్కోపీకి ఆ ఒక్క పని ఏది?

పల్మో_గుంటూరు

మంచి ప్రశ్న అడిగారు సార్. మాకు కావాల్సింది దారి తెలియడం. కెరైనా (గాలిగొట్టం రెండుగా చీలే చోటు) నుంచి మొదలుపెట్టి కుడివైపున పది సెగ్మెంట్లు, ఎడమవైపున ఎనిమిది, ఏదీ వదలకుండా, గోడలకు రాసుకోకుండా, పేరు చెబుతూ చూసి రావాలి. బయాప్సీ, టీబీఎన్‌ఏ (శ్వాసనాళం గోడలోంచి సూదితో నమూనా తీయడం) ఆ తర్వాతి మాట. కుడి ప్రధాన శ్వాసనాళం పొట్టిగా, వెడల్పుగా, నిటారుగా ఉంటుంది కాబట్టి అటు ఎవరైనా దూరిపోతారు. తికమక అంతా ఎడమ అప్పర్ లోబ్ (పై భాగం), అందులోనే కిందగా ఉండే లింగ్యులా దగ్గరే.

స్కోప్‌టెక్ (ఎండోస్కోపీ టెక్నీషియన్)

సార్లకు నమస్కారం. స్కోప్‌లు కడిగేదీ, పాడైతే మాట పడేదీ మేమే కాబట్టి రెండు మాటలు చెప్తాను, ఏమనుకోకండి.

స్కోప్ కొసన వంగే భాగం మీద పల్చటి రబ్బరు తొడుగు ఉంటుంది. ప్రింట్ చేసిన ప్లాస్టిక్ లోపల పొరల గీతలు ఆకురాయిలా ఉంటాయి, ఆ రబ్బరును మెల్లగా తినేస్తాయి. చిన్న చిల్లు పడిందంటే నీళ్లు లోపలికి పోయి బొమ్మ మసకబారుతుంది, రిపేరు బిల్లు లక్షల్లో వస్తుంది. వేలు పెట్టి తడిమినప్పుడు ఏమాత్రం గరుకు తగిలినా ఆ మోడల్‌లోకి స్కోప్ పెట్టకండి. మలుపుల్లో బలవంతంగా తోయనివ్వకండి. క్లాసు అయిన ప్రతిసారీ లీక్ టెస్ట్ చేయించండి. ముందు గాలి పట్టించి తర్వాత నీళ్లలో ముంచితే బుడగలు ఎక్కడ వస్తున్నాయో కంటికే కనిపిస్తుంది.

పొడి సిలికోన్‌లో స్కోప్ అతుక్కుపోతుంది, నీళ్లలో కలిసే జెల్లీ రాయండి. నూనె, వాసెలిన్ వద్దు, రబ్బరు ఉబ్బుతుంది.

అన్నిటికన్నా ముఖ్యం, రోగులకు వాడే స్కోప్‌ను మోడల్‌కు వాడకండి. తప్పనిసరై వాడితే, రోగికి చేశాక ఎలా కడుగుతామో అంత పద్ధతిగానూ మళ్లీ కడగాలి. డిస్పోజబుల్ బ్రాంకోస్కోప్‌లలో ఎక్స్‌పైరీ తేదీ దాటినవి స్టోర్స్‌లో పడి ఉంటాయి. రోగికి వాడనివే తీసుకుని, పైన పెద్ద అక్షరాలతో 'ట్రైనింగ్‌కు మాత్రమే' అని రాసి, వేరే బీరువాలో పెట్టుకోండి. మళ్లీ రోగుల ట్రాలీలోకి రాకుండా చూసుకునే బాధ్యత ఒక్కరికే అప్పజెప్పండి.

పల్మో_గుంటూరు

మీరు చెప్పకపోతే ఎక్స్‌పైరీ స్టాకు సంగతి మాకు తట్టేదే కాదు. చాలా థాంక్స్ అండీ.

ముక్కులోపల (ఈఎన్‌టీ, కర్నూలు)

సైనస్ సర్జరీ వైపు నుంచి ఒక విషయం. మాకు ముక్కు ఒక వైపు, కన్ను ఒక వైపు, పైన మెదడు. కన్నుకూ ముక్కుకూ మధ్య ఉండే ఎముక పేరు లామినా పాపిరేసియా, నిజంగానే కాగితమంత పల్చన. దాన్ని దాటితే కన్ను, దాని దాకా వెళ్లకపోతే జబ్బు మిగిలిపోతుంది. నేర్చుకునేవాళ్లకు ఆ హద్దు చేతికి తెలియాలి.

ప్రింటింగ్‌లో మమ్మల్ని ఏడిపించేదీ అదే ఎముక. సీటీలో పల్చటి ఎముక పక్కనున్న మెత్తటి కండతో కలిసిపోయి, సాఫ్ట్‌వేర్‌లో మామూలు ఎముక థ్రెషోల్డ్ (హద్దు విలువ) పెట్టగానే మాయమవుతుంది. మోడల్‌లో ఆ గోడ నిండా చిల్లులే. వాటిని సాఫ్ట్‌వేర్‌లో ఒక్కొక్కటే చేత్తో పూడ్చుకోవాలి. 0.4 మిల్లీమీటర్ల నాజిల్‌తో ప్రింట్ చేస్తే నిజం ఎముక కన్నా మందంగా వస్తుంది, అప్పుడు పీజీకి "ఇంకాస్త గట్టిగా నొక్కినా ఫర్వాలేదు" అనే తప్పుడు అలవాటు పడుతుంది. అందుకే మేం రెజిన్ ప్రింటర్‌కు (ద్రవాన్ని వెలుతురుతో గట్టిపరిచే రకానికి) మారాం.

పాపిరేసియా వెనక అల్యూమినియం రేకు పెట్టి, దాన్నీ పరికరాన్నీ చిన్న బ్యాటరీకి, బజర్‌కూ కలిపాం. గోడ పగిలి పరికరం రేకుకు తగలగానే మోగుతుంది. పీజీలకు మేం ఎన్నిసార్లు చెప్పినా రాని జాగ్రత్త ఆ మోతతో వచ్చింది. ముక్కుకూ మెదడుకూ మధ్య ఉండే ఎత్మాయిడ్ పైకప్పుకూ ఇదే ఏర్పాటు చేయొచ్చు. అక్కడ లోతు మనిషికీ మనిషికీ మారుతుంది, కెరోస్ వర్గీకరణలో 1 నుంచి 3 మిల్లీమీటర్లది ఒక రకం, 8 నుంచి 16 దాకా పోయేది ఇంకో రకం. ఆ లోతైన రకాన్ని మొదటిసారి రోగిలో చూడకూడదు, ముందే మోడల్‌లో చూసి ఉండాలి.

మోడరేటర్

ఒక మనవి. రోగుల సీటీ ఫైళ్లను ఇక్కడ ఎవరూ అప్‌లోడ్ చేయవద్దు. డైకామ్ (సీటీ స్కాన్లు దాచే) ఫైల్ లోపలే పేరు, వయసు, ఆసుపత్రి నంబరు ఉంటాయి. వివరాలు తీసేసిన ఎస్‌టీఎల్ (ప్రింట్ చేసే ఆకారం మాత్రమే ఉండే) ఫైళ్లు మాత్రమే, అవీ మీ సంస్థ ఎథిక్స్ కమిటీ ఒప్పుకున్నాకే.

ముక్కులోపల

దానికి తోడు, తల సీటీ నుంచి ముఖాన్ని తిరిగి కట్టేయవచ్చు. ముక్కు మోడళ్లు పంచుకునేటప్పుడు చర్మం, ముఖం ఉన్న భాగాన్ని కత్తిరించాకే ఇవ్వండి.

నాన్నకి_స్కోప్

నేను డాక్టర్ని కాను. ఊరికే చదువుతూ ఇక్కడికొచ్చాను. మా నాన్నగారికి ఒక పెద్దాసుపత్రిలో ఇలాగే ఊపిరితిత్తుల్లో గొట్టం వేసి చూశారు. లోపల ఒకరు చేస్తుంటే ఇంకొకరు "అటు కాదు, వెనక్కి రా, ఇంకా వెనక్కి" అంటున్న మాటలు తలుపు బయట మాకు వినిపించాయి. ఆయన బయటికొచ్చాక సాయంత్రం దాకా మాట్లాడలేదు, మా చెయ్యి పట్టుకుని కూర్చున్నారు. ఎవర్నీ తప్పు పట్టడానికి రాయడం లేదు, అందరూ ఎక్కడో ఒకచోట నేర్చుకోవాల్సిందే. చేసేవాళ్లకు ఇది ఎన్నోసారి అని అడిగే హక్కు మాకు ఉందా అండీ? అడిగితే కోప్పడతారేమోనని అప్పుడు అడగలేదు.

పల్మో_గుంటూరు

ఉంది అమ్మా లేక బాబూ, ఎవరైనా సరే, పూర్తిగా ఉంది. సంతకం తీసుకునే ముందే ఎవరు చేస్తారో, పక్కన ఎవరు ఉంటారో మేం చెప్పాలి. మీరు అడిగితే కోప్పడే పనే లేదు. మీ నాన్నగారు ఆ సాయంత్రం పడిన బాధ రోగి పడాల్సినది కాదు. "వెనక్కి రా, ఇంకా వెనక్కి" అన్న పాఠం సిలికోన్ గొట్టాల మీద అయిపోవాలి. ఈ చర్చ మొదలుపెట్టింది అందుకే.

లీడ్స్_తెలుగు_డాక్టర్

ఇక్కడ యూకేలో జీర్ణకోశ ఎండోస్కోపీ శిక్షణను జేఏజీ అనే సంస్థ చూస్తుంది. కొలనోస్కోపీ ఒంటరిగా చేయడానికి సర్టిఫికెట్ ఇవ్వాలంటే ఎన్ని చేశారన్నది ఒక్కటే చూడరు. సీకమ్ చేరే శాతం కనీసం 90 ఉండాలి, పక్కన సీనియర్ కూర్చుని డాప్స్ అనే ఫారంలో ఒక్కొక్క అంశానికీ మార్కులేయాలి. బేసిక్ స్కిల్స్ కోర్సు కూడా తప్పనిసరి.

సిమ్యులేటర్లతో ఉపయోగం ఉందా అంటే, జీర్ణకోశ ఎండోస్కోపీలో వీఆర్ శిక్షణ మీద 2018లో కోక్రేన్ సమీక్ష (ఉన్న అధ్యయనాలన్నీ కలిపి చూసేది) వచ్చింది. ఏ శిక్షణా లేకుండా నేరుగా రోగి దగ్గరికి వెళ్లినవాళ్ల కన్నా ముందు సిమ్యులేటర్ మీద చేసినవాళ్లు తొలిదశలో మెరుగ్గా చేస్తారని, కానీ రోగుల మీద సీనియర్ పక్కనుండగా నేర్చుకోవడానికి బదులుగా దాన్ని వాడవచ్చా లేదా అని చెప్పడానికి తగిన ఆధారాలు లేవని తేల్చింది. అది వీఆర్ గురించి. ప్రింట్ మోడల్ నుంచి కూడా నేను ఆశించేది అంతే: తొలి తడబాటు రోగి మీద పడకుండా ఆపడం. ఆ ఒక్కటి చేసినా చాలా పెద్ద పని.

బ్రాంకోస్కోపీకి మార్కుల ఫారం కావాలంటే బీ-స్టాట్ అని ఉంది, హెన్రీ కోల్ట్ బృందం తయారుచేసింది. కొత్తగా కనిపెట్టనక్కర్లేదు, దాన్నే వాడండి.

గ్యాస్ట్రో_ఓరుగల్లు

లీడ్స్ డాక్టరు గారు సంఖ్య ఎత్తారు కాబట్టి. అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీలో చేసిన అధ్యయనం 1996లో వచ్చింది. ఈఆర్‌సీపీలో చెయ్యి కుదరడానికి కనీసం 180 కేసులు పడుతుందని చెప్పింది. హైదరాబాద్‌లో డాక్టర్ డి. నాగేశ్వర్ రెడ్డి గారి ఏఐజీ ఆసుపత్రి లాంటి చోట కేసులకు కొదవ ఉండదు, దేశదేశాల నుంచి అక్కడికి వచ్చి నేర్చుకుంటారు. జిల్లా కేంద్రంలోని కాలేజీలో ఆ ప్రవాహం ఉండదు. కేసులు తక్కువ ఉన్నచోటే ప్రతి కేసూ విలువైనది. స్కోప్ ఎలా పట్టుకోవాలో నేర్పడానికి దాన్ని ఖర్చు చేయకూడదు. మోడల్ అవసరం పెద్ద సెంటర్ల కన్నా చిన్న కాలేజీకే ఎక్కువ అని నా గట్టి నమ్మకం.

పీజీ_రెండో_ఏడు

సార్, మా వైపు మాట కూడా వినండి. మా కాలేజీలో ఒక మంచి మోడల్ ఉంది. ఇన్‌స్పెక్షన్ అప్పుడు బయటికొస్తుంది, తర్వాత తాళం పడుతుంది. తాళం చెవి ఉన్నాయన సాయంత్రం నాలుగింటికి ఇంటికెళ్లిపోతారు, మా వార్డు పని అయ్యేది ఏడింటికి. రాత్రి డ్యూటీలో ఖాళీ దొరికినప్పుడు అరగంట చేసుకోనిస్తే చాలు. పక్కన సీనియర్ ఎవరైనా ఉంటే ఇంకా మంచిది. ఒంటరిగా చేస్తే తప్పు అలవాటే ముదురుతుంది.

లీడ్స్_తెలుగు_డాక్టర్

ఈ పోస్టు అందరూ రెండుసార్లు చదవాలి. మోడల్‌కు పెట్టే డబ్బు కన్నా నేర్పే మనిషికి కేటాయించే గంట ఖరీదైనది. ఆ గంటను డ్యూటీ చార్టులో రాయకపోతే ఏ మోడల్ కొన్నా వృథా.

స్కోప్‌టెక్

తాళం చెవి నర్సింగ్ స్టేషన్‌లో, రిజిస్టరులో సంతకం పెట్టి తీసుకునేలా చేయండి. మా దగ్గర మందుల బీరువాకు అదే పద్ధతి, ఏనాడూ పేచీ రాలేదు.

ముక్కులోపల

ఖర్చు గురించి ఎవరూ అనలేదు కాబట్టి: పీఎల్‌ఏ అనే మామూలు ప్రింటింగ్ ఫిలమెంట్ కిలో వెయ్యి రూపాయల చుట్టుపక్కల దొరుకుతుంది, ఒక మోడల్‌కు పట్టేది అందులో కొంతే. ఖర్చంతా సెగ్మెంటేషన్‌కు (స్కాన్‌లోంచి కావాల్సిన భాగాన్ని వేరు చేయడానికి) కూర్చునే మనిషి సమయంలో ఉంది. మా సైనస్ మోడల్ ఒకసారి కోస్తే పోతుంది. అందుకే పుర్రె చట్రం ఒకటే ఉంచి, కోసే ముక్కను మాత్రం తీసి కొత్తది బిగించేలా డిజైన్ చేశాం. మీ శ్వాసనాళాల మోడల్‌కు ఆ బాధ లేదు, చిరిగేదాకా వాడొచ్చు. సొంతంగా ప్రింటర్ కొనక్కర్లేదు కూడా, హైదరాబాద్‌లో టీ-వర్క్స్ (నమూనాలు తయారుచేసే కేంద్రం), విశాఖలో ఏఎంటీజెడ్ (వైద్య పరికరాల పార్కు) ఉన్నాయి, వెళ్లి అడగండి.

గ్యాస్ట్రో_ఓరుగల్లు

ఒక హద్దు మాత్రం చెప్పాలి. కరెంటుతో కోసే పనులు, అంటే స్ఫింక్టరోటమీ (పిత్తనాళం ముఖద్వారాన్ని కోసి వెడల్పు చేయడం), పాలిపెక్టమీ (పాలిప్ గడ్డను తీయడం), ఈఎస్‌డీ (పేగు లోపలి పొరలోని గడ్డను ఒలిచి తీయడం) లాంటివి, ప్లాస్టిక్ మీదా సిలికోన్ మీదా నేర్పలేం. వాటిలో కరెంటు పారదు. ఉప్పు కలిపిన జెల్ ముక్కలు పెట్టాలి, లేదంటే మేకదో పందిదో అవయవం తెచ్చుకోవాలి. జర్మనీలో ఎర్లాంగెన్ వాళ్లు 1990ల్లో పంది అవయవాలతో చేసిన మోడల్ ఇప్పటికీ పనికొస్తున్నది ఇందుకే. రక్తం కారడం, పేగు కదలడం, రోగి దగ్గడం, ఇవేవీ ప్రింట్‌లో ఉండవు. మోడల్ మీద చెయ్యి బాగా తిరిగిన పీజీకి "నాకు వచ్చేసింది" అన్న ధీమా రాకుండా చూసుకోండి.

పల్మో_గుంటూరు

అందరూ చెప్పింది కలిపి ఇలా అనుకుంటున్నాం. సన్న స్లైసులున్న మామూలు ఊపిరితిత్తుల స్కాన్ ఒకటి, ఎథిక్స్ కమిటీ అనుమతితో, పేర్లు తీసేసి. సెగ్మెంటల్ కొమ్మల దాకా చాలు, ఆపైన ఈ పాఠానికి అక్కర్లేదు. పీవీఏ, సిలికోన్ పద్ధతి. ఎక్స్‌పైరీ దాటిన డిస్పోజబుల్ స్కోప్. ప్రతి కొమ్మ చివర ఒక అంకె అతికిస్తాం, పీజీ ఆ అంకె చదివి సెగ్మెంట్ పేరు చెప్పాలి. వరసను వారం వారం మారుస్తాం, లేకపోతే అంకెలు బట్టీ పడతారు. బీ-స్టాట్‌లో నిలబడ్డాకే రోగి దగ్గరికి, అదీ మొదట కెరైనా వరకే. వారానికి రెండు సాయంత్రాలు నేను కూర్చుంటానని డ్యూటీ చార్టులో రాయించాను. తాళం చెవి నర్సింగ్ స్టేషన్‌లోనే.

లేయర్‌బైలేయర్ గారూ, సిలికోన్ పూసేటప్పుడు చూసుకోవాల్సినవి ఏమైనా ఉన్నాయా?

లేయర్‌బైలేయర్

ఉన్నాయి డాక్టరు గారూ. ప్లాటినమ్ క్యూర్ సిలికోన్ (ప్లాటినమ్ ఉత్ప్రేరకంతో గట్టిపడే రకం) వాడతారు కాబట్టి, మొదటి పొర చాలా పల్చగా పూయండి, బుడగలన్నీ అందులోనే పోవాలి. రెండో పొర, మొదటిది వేలికి అంటకుండా జిగటగా ఉన్నప్పుడే వేయాలి, పూర్తిగా ఆరాక వేస్తే పొరలు విడిపోతాయి. చీలికల దగ్గర, ముఖ్యంగా కెరైనా దగ్గర, సిలికోన్ జారి పల్చనవుతుంది, అక్కడ ఇంకో పొర వేయండి. స్కోప్ ఎక్కువగా తగిలేది అక్కడే.

రెజిన్ ప్రింట్ మీద మాత్రం ఈ సిలికోన్ నేరుగా పోయకండి, మిగిలిన రెజిన్ వల్ల అది ఎన్నాళ్లున్నా జిగటగానే ఉండిపోతుంది. ఇంకోటి, ఆసుపత్రిలో చేతికందే లేటెక్స్ గ్లోవ్స్‌తో కలపకండి. లేటెక్స్ తగిలినా అదే గతి పడుతుంది. నైట్రైల్ గ్లోవ్స్ వేసుకోండి.